ఆబ్కారీ లెక్కల్లో హైడ్రోమీటరు

ఈ ప్రత్యేక సంచికకు ఎవరు పనిచేసిన శాఖ గురించి వారు ఏదైనా పాత సంగతి రాయాలని సంపాదకవర్గం వారు కోరారు. రెవెన్యూ మిత్రులకు జమాబందీ ఉంది. ఇరిగేషన్ మిత్రులకు కాలువలూ లాకులూ కొల్లేరూ ఉన్నాయి. ఎక్సైజు శాఖలో పనిచేసినవాడికి దాడులూ కేసులూ తప్ప రాసేందుకు ఏముంటుందని చాలామంది అనుకుంటారు. నేను రాయబోయేది జానెడు పొడవుండే ఒక గొట్టం గురించి. ప్రభుత్వానికి రావలసిన సుంకం, కాంట్రాక్టరు కట్టవలసిన సొమ్ము, తాగేవాడి గ్లాసులో పడే సరుకు, మూడూ దాని మీద ఉన్న గీతలతోనే తేలేవి. దాని పేరు హైడ్రోమీటరు.

పాలకేంద్రంలో లాక్టోమీటరు చూసినవారికి, బ్యాటరీ షాపులో యాసిడ్ కొలవడం చూసినవారికి ఇది కొత్త వస్తువు కాదు. సూత్రం ఒక్కటే. ద్రవం పలచనైతే గొట్టం లోతుకు మునుగుతుంది, చిక్కనైతే పైకి తేలుతుంది. లీటరు నీరు దాదాపు ఒక కిలో తూగితే, లీటరు శుద్ధ ఆల్కహాలు 790 గ్రాములు కూడా తూగదు. అందుచేత సారాలో ఆల్కహాలు ఎక్కువైన కొద్దీ గొట్టం దిగిపోతుంది. ఎంతవరకు దిగిందో చూసి, పట్టికలో వెతికి, బలం ఇంత అని రాస్తాం. చెప్పడానికి ఇంతే. ఆ 'ఎంతవరకు' అన్నదాన్ని అందరూ ఒప్పుకునేట్టు చేయడానికి మాత్రం దొరలకు దాదాపు వందేళ్లు పట్టింది.

కొలత అవసరం మన ప్రాంతానికి ఎప్పుడు వచ్చిందో ముందు చెప్పాలి. పాత రోజుల్లో ఆబ్కారీ అంటే ఇజారా. ఫలానా ప్రాంతంలో సారా కాచి అమ్ముకునే హక్కు వేలం పాడుకున్నవాడు సర్కారుకు కిస్తీ కట్టేవాడు. వాడి బట్టీలో దిగిన సరుకు గట్టిదా పలచనిదా అన్న విషయం సర్కారుకు పట్టేది కాదు. సుంకాన్ని బట్టీ దగ్గరే, సరుకు బలాన్ని బట్టి, గ్యాలన్ల లెక్కన వసూలు చేయాలని నిర్ణయించినప్పుడు పరిస్థితి మారింది. మద్రాసు ఆబ్కారీ చట్టం 1886లో వచ్చింది. అప్పటికి పశ్చిమ గోదావరి జిల్లా పుట్టలేదు. అది 1925 నాటి మాట. ఊరూరా ఉన్న చిన్న బట్టీల స్థానంలో పెద్ద డిస్టిలరీలు, వాటి నుంచి గోడౌన్లకు సరఫరా అనే పద్ధతి వచ్చింది. గోదావరికి ఆవల సామర్లకోటలో వెలసిన కంపెనీ పేరే దక్కన్ షుగర్ అండ్ ఆబ్కారీ కంపెనీ. పంచదార, సారా, రెండు వ్యాపారాలూ పేరులోనే ఉన్నాయి. బలాన్ని బట్టి సుంకం అనగానే, బలం ఎంతో ఎవరు చెప్పాలి, దేనితో కొలిచి చెప్పాలి అన్న తగాదా మొదలయింది.

జనం దగ్గర తమ కొలత తమకు ఉండనే ఉంది. చిప్పలో కాస్త సారా పోసి అగ్గిపుల్ల గీస్తారు. మండితే అసలు సరుకు, మండకపోతే నీళ్లు కలిపింది. సీసా కుదిపి నురుగు ఎంతసేపు నిలిచిందో చూసేవారు కూడా ఉన్నారు. దీన్ని చూసి నవ్వవలసిన పనిలేదు. ఇంగ్లండులో పూర్వం చేసిందీ ఇదే. తుపాకి మందు మీద సారా పోసి నిప్పు పెట్టేవారట. సారా కాలిపోయాక మందు అంటుకుంటే సరుకు 'ప్రూఫ్'కు నిలిచినట్టు. ఆ మాటే ఇప్పటికీ మన లెక్కల్లో వాడుతున్నాం. అయితే పోసింది రెండు చుక్కలా నాలుగు చుక్కలా అన్నదాన్ని బట్టి ఫలితం మారిపోయేది.

మన అగ్గిపుల్ల పరీక్షకు ఇంకో లోపం ఉంది. నూటికి 40 వంతుల ఆల్కహాలు ఉన్న సారా మీది ఆవిరి సుమారు 26 సెంటీగ్రేడు డిగ్రీల దగ్గర అంటుకుంటుంది. 20 వంతులే ఉన్నదానికి 36 డిగ్రీలు కావాలి. పుష్యమాసపు తెల్లవారుజామున కొల్లేరు గట్టు మీద మంచి సారా కూడా పుల్లకు అందకపోవచ్చు. రోహిణి కార్తెలో ఏలూరు మిట్టమధ్యాహ్నం సగానికి సగం నీళ్లు కలిపింది కూడా భగ్గున లేవవచ్చు. వేసవిలో కొనేవాడు మోసపోతాడు, చలికాలంలో అమ్మేవాడు తిట్లు తింటాడు.

ఇంగ్లండులో 18వ శతాబ్దం తొలి భాగంలో జాన్ క్లార్క్ అనే పనివాడు సారా కోసం హైడ్రోమీటరు చేశాడు. మొదట దంతంతో చేసి చూశారు. దంతం సారాను పీల్చుకుని బరువెక్కింది. అప్పుడు రాగికి మారారు. అది పనికొచ్చింది గాని, వేర్వేరు బలాలకు, వేర్వేరు వాతావరణాలకు తగిలించే చిన్న చిన్న బరువులు లెక్కకు మిక్కిలి అయ్యాయి. ఏ బరువు ఎప్పుడు తగిలించాలో తెలియక ఉద్యోగులు అవస్థపడ్డారు. 1790లో చార్లెస్ బ్లాగ్డెన్ అనే శాస్త్రజ్ఞుడు, సారాకు నీరు కలిపితే ఏమవుతుందో జాగ్రత్తగా కొలిపించి నివేదిక ఇచ్చాడు.

ఇక్కడ ఒక చమత్కారం ఉంది. 50 లీటర్ల శుద్ధ ఆల్కహాలులో 50 లీటర్ల నీరు పోస్తే 100 లీటర్లు కావు, 97 లోపే అవుతాయి. రెండూ ఒకదానిలో ఒకటి సర్దుకుంటాయి. అందుకే ఈ పట్టికలు కాగితం మీద లెక్కగట్టి వేయడానికి వీలులేదు, ప్రతి పాలూ కలిపి కొలవవలసిందే. మా శాఖలో పనిచేసినవారికి ఇది బాగా తెలుసు. గోడౌనులో స్పిరిట్టుకు నీరు కలిపి బలం తగ్గించిన ప్రతిసారీ రిజిస్టరులో కొన్ని లీటర్లు 'మాయం' అయ్యేవి. కొత్తగా వచ్చిన ఆడిటరుకు ఆ లీటర్లు ఎవరూ తాగలేదని నమ్మించడానికి ఒక పూట పట్టేది.

చివరకు ఇంగ్లండు ప్రభుత్వం పోటీ పెట్టి పరికరాలు పరీక్షించి, ఎక్సైజు ఉద్యోగి బార్తలోమ్యూ సైక్స్ తయారుచేసినదాన్ని ఎన్నుకుంది. ఆయన 1803లోనే పోయాడు. ఆయన బంధువు రాబర్ట్ బేట్ వాటిని తయారుచేసి సరఫరా చేశాడు. 1816లో చట్టం వచ్చింది. సైక్స్ పరికరం అన్నిటికన్నా సూక్ష్మమైనదని కాదు. నూరు చోట్ల నూరుగురు ఉద్యోగులు వాడినా ఒకే జవాబు ఇచ్చేది కావడం, బరువులు తక్కువ కావడం, కిందపడినా పగలకపోవడం దాని గుణాలు. ప్రభుత్వం కొనే వస్తువుకు అవి చిన్న గుణాలు కావు.

ఆ సైక్స్ పెట్టెనే మన దేశానికి తెచ్చారు. ముదురు రంగు చెక్కపెట్టె, లోపల వెల్వెట్టు గుడ్డ, అందులో బంగారు పూత పూసిన ఇత్తడి గుండు, దానికి పైన పలకల కాడ, కింద బరువు తగిలించే కొక్కెం వంటి కాడ. పై కాడ మీద 0 నుంచి 10 దాకా గీతలు, ఒక్కొక్క అంకెకు అయిదేసి భాగాలు. 10 నుంచి 90 దాకా అంకెలు చెక్కిన తొమ్మిది బరువులు. తగిలించిన బరువు మీది అంకె, కాడ మీది అంకె కూడితే రీడింగు. పక్కన థర్మామీటరు, పట్టికల పుస్తకం. చాలా గట్టి స్పిరిట్టుకు 'బి' రకం అని వేరే తేలిక గుండు ఉండేది. పెళ్లిలో నగల పెట్టెకన్నా భద్రంగా దాచేవారు. ఛార్జి అప్పగింతలో మొదటి వస్తువు అదే.

ఇక ప్రూఫ్ లెక్క. 51 ఫారెన్‌హీట్ డిగ్రీల దగ్గర, సమాన పరిమాణపు నీటి బరువులో 13కు 12 వంతులు తూగే సారా ప్రూఫ్ సారా. అంటే నూటికి సుమారు 57.1 వంతుల ఆల్కహాలు. దానికన్నా తక్కువైతే అండర్ ప్రూఫ్, ఎక్కువైతే ఓవర్ ప్రూఫ్. 30 అండర్ ప్రూఫ్ అంటే ప్రూఫ్‌లో 70 వంతులు, దాదాపు 40 శాతం. విస్కీ సీసాల మీద ఇప్పటికీ కనిపించే 42.8 శాతం అనే వింత అంకె 25 అండర్ ప్రూఫే. డిస్టిలరీలో దిగే రెక్టిఫైడ్ స్పిరిట్ 66 ఓవర్ ప్రూఫ్ దరిదాపుల్లో ఉంటుంది.

51 డిగ్రీల ఫారెన్‌హీట్ అంటే 10.6 సెంటీగ్రేడు. అది ఇంగ్లండు గోడౌను చలి. ఏలూరులోనూ తాడేపల్లిగూడెంలోనూ అంత చల్లటి తెల్లవారుజాము కూడా అరుదు. సైక్స్ మొదటి పట్టికలు 30 నుంచి 80 డిగ్రీల ఫారెన్‌హీట్ వరకే ఉన్నాయి. మన వైశాఖమాసం 80 దగ్గర తెల్లవారుతుంది. వేడి దేశాల కోసం పొడిగించిన పట్టికలు తరవాత వచ్చాయి. ఈ వేడి చిన్న విషయం కాదు. వేడికి సారా పొంగి పలచనవుతుంది, గొట్టం ఎక్కువ దిగుతుంది, బలం లేకపోయినా ఉన్నట్టు కనిపిస్తుంది. 20 సెంటీగ్రేడుకు గీతలు గీసిన హైడ్రోమీటరును 30 డిగ్రీల వేడిలో ఉన్న 40 శాతం సారాలో వేస్తే 44 దగ్గర నిలుస్తుంది. పది వేల లీటర్ల గోడౌనులో ఆ నాలుగు వంతులు 400 లీటర్ల శుద్ధ ఆల్కహాలు, అంటే 700 ప్రూఫ్ లీటర్లు. థర్మామీటరు చూడకుండా రాసిన రీడింగు ఒక పక్క ఒక మనిషిని దొంగను చేయగలదు, మరో పక్క దొంగను దొరను చేయగలదు. హైడ్రోమీటరు ఎంత ఖరీదైనదైనా సరే, పక్కన నమ్మదగిన థర్మామీటరు లేకపోతే అది అలంకారమే.

మధ్యలో మన జిల్లాలో సైక్స్ పెట్టెకు పని తగ్గిన కాలం కూడా ఉంది. మద్రాసు రాష్ట్రంలో 1937లో సేలం జిల్లాతో మొదలైన మద్యనిషేధం, యుద్ధకాలంలో ఆగి, 1948 నాటికి రాష్ట్రమంతటికీ వచ్చింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక కూడా అది కొనసాగింది. గీతపనివారి బతుకుదెరువు కోసం గౌతు లచ్చన్నగారు ఉద్యమం నడిపారు. నిషేధం ఎత్తివేయాలని రామమూర్తి కమిటీ చెప్పింది. చివరకు 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గం ఈ విషయం మీదే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. అయినా ఆంధ్ర జిల్లాల్లో నిషేధం 1969 దాకా పోలేదు.

అయితే ఆల్కహాలు మాయం కాలేదు. తణుకులో ఆంధ్రా షుగర్స్ వంటి కర్మాగారాలు మొలాసిస్ నుంచి పారిశ్రామిక ఆల్కహాలు తీసే పనిలోకి వచ్చాయి. అక్కడి పీపాల్లోనూ హైడ్రోమీటరు దిగవలసిందే. ఇంకో పక్క జనం మందుల షాపుల్లో అల్లం టింక్చరు కొని తాగడం మొదలుపెట్టారు. దేశం మొత్తం మీద ఈ బెడద ఎంతగా ఉందంటే, ఇలాంటి స్పిరిట్టు మందులు ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పోకుండా అదుపు చేయడానికి 1955లో పార్లమెంటు ప్రత్యేకంగా చట్టమే చేసింది. అదే సంవత్సరం వచ్చిన మందులు, సౌందర్య సామగ్రి సుంకం చట్టం కింది నిబంధనల్లో, స్వతంత్ర భారతంలో కూడా, ప్రూఫ్ అంటే సైక్స్ హైడ్రోమీటరుతో తేల్చినదేనని రాసుకున్నాం. 51 డిగ్రీలు, 13కు 12, అన్నీ యథాతథం.

నిషేధం సడలిన తరవాత శాఖలో చేరినవాళ్లం మేము. అప్పుడు వచ్చిన సమస్యే, ఏ హైడ్రోమీటరు కొనాలన్నది. డిపోలూ గోడౌన్లూ పెరిగాయి. ప్రతిచోటికీ ఇత్తడి పెట్టె ఇవ్వాలంటే ఖర్చు. గాజువి చవక, కాని పగులుతాయి. పెద్దవాళ్లకు గాజు మీద చిన్నచూపు ఉండేది. ఇత్తడిదే అసలు సాధనం, గాజుది కాలేజీ పిల్లల ఆటవస్తువు అనేవారు. నా అనుభవంలో ఇది తారుమారు. గాజుది ఉంటే సరిగా ఉంటుంది, లేకపోతే పగిలి ఉంటుంది. ఇత్తడిది పగలకుండానే చెడిపోతుంది. గుండుకు సొట్ట పడితే దాని పరిమాణం తగ్గి, ఎక్కువ మునిగి, బలం ఎక్కువ చూపుతుంది. తుడిచి తుడిచి పూత అరిగితే బరువు తగ్గి, పైకి తేలి, బలం తక్కువ చూపుతుంది. ఒక డిపోలో సొట్టపడ్డ గుండుతోనే చాలాకాలం లెక్కలు రాశారు. అది పెట్టెలో దర్జాగా మెరుస్తూ ఉండడంతో ఎవరికీ అనుమానం రాలేదు.

నిజానికి సైక్స్ తన పెట్టెలోనే ఒక సాక్షిని పెట్టాడు. చిన్న చదరపు టోపీ వంటి బరువు. 60 అంకె బరువు తగిలించిన గుండు మొత్తం బరువులో అది సరిగ్గా 12వ వంతు. ఆ 60 బరువుతో గుండు 51 డిగ్రీల ప్రూఫ్ సారాలో ఏ గీత దగ్గర నిలుస్తుందో, టోపీ పెట్టి అదే వేడిలో ఉన్న డిస్టిల్డ్ వాటర్లో వేస్తే అదే గీత దగ్గర నిలవాలి. నిలవకపోతే పరికరం చెడినట్టు. చాలా పెట్టెల్లో ఆ టోపీ ఉండేది, అదేమిటో చెప్పే మనిషి ఉండేవాడు కాదు.

గాజుదానికి పరీక్ష ఇంకా సులభం. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటరు, 20 డిగ్రీలకు తెచ్చి, అందులో వేస్తే 0 చూపాలి. కాడ లోపల గీతల కాగితం జారిందేమో వెలుతురులో చూడాలి. చవక రకాలకు ఇదే పెద్ద జబ్బు. మరో విషయం, 0 నుంచి 100 దాకా ఒకే కాడ మీద ఉన్నదాన్ని కొనడం కొందరికి లాభసాటిగా తోస్తుంది. 15 సెంటీమీటర్ల కాడ మీద నూరు అంకెలు ఇరికిస్తే ఒక్కొక్క శాతానికి సగటున ఒకటిన్నర మిల్లీమీటరు చోటు. అక్కడ అర శాతం చదివానన్న మాట నేను నమ్మను. మనకు కావలసిన చోట, ఉదాహరణకు 35 నుంచి 45 దాకా మాత్రమే ఉన్న సన్నకాడ గొట్టం ఒకటి, గట్టి స్పిరిట్టుకు ఇంకొకటి, ఇలా రెండు మూడు గాజువి కొంటే, ఒక ఇత్తడి పెట్టె ఖరీదులో అంతకన్నా ఖచ్చితమైన పని జరుగుతుంది. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల వంటి చోట సరిచూసి ఇచ్చిన సర్టిఫికెట్టు ఉన్నది ఆఫీసుకు ఒక్కటి ఉంటే చాలు, మిగిలినవాటిని దానితో పోల్చుకోవచ్చు. ప్రయోగశాలలో అయితే స్పెసిఫిక్ గ్రావిటీ బాటిల్, మంచి త్రాసు ఉంటాయి. అనుమానం వచ్చిన కేసు అక్కడ తేలుతుంది.

కొన్నాక వాడకంలో కూడా శ్రద్ధ కావాలి. జిడ్డు చేతులతో పట్టుకుంటే కాడ చుట్టూ ద్రవం సరిగా ఎక్కదు. బుడగలు అంటుకుంటే గొట్టం పైకి లేస్తుంది. కొలజాడీ ఇరుకుగా ఉండి గొట్టం గోడకు ఆనితే ఆ రీడింగు చెల్లదు. ద్రవం కాడను పట్టుకుని కొంచెం పైకి పాకుతుంది, దాన్ని కాదు, ఉపరితలం సమంగా ఉన్న చోట చదవాలి.

ఇవన్నీ పాటించినా హైడ్రోమీటరు కొలిచేది సాంద్రతను మాత్రమే. ఆల్కహాలును అది నేరుగా చూడదు. ఇందుకు కల్లు మంచి ఉదాహరణ. మన జిల్లాలో తాటికల్లుకు కొదవ లేదు. కాని కల్లులో గొట్టం వేసి బలం చెప్పలేం. ఆల్కహాలు తేలిక చేస్తుంటే, మిగిలిన తీపి బరువు చేస్తుంటుంది. ఆ రెంటి మధ్యా గొట్టం ఎక్కడో ఒకచోట నిలుస్తుంది. కొలిచిన పరిమాణం తీసుకుని, ప్రయోగశాలలో కాచి, దిగినదానికి నీరు కలిపి మళ్లీ అదే పరిమాణానికి తెచ్చి, అప్పుడు కొలవాలి. రంగూ తీపీ కలిపిన సారాకూ ఇదే పద్ధతి. సుంకం ఎగవేయాలనుకున్నవాడు పంచదార కలిపి బలం దాచగలడని ఇంగ్లండు వర్తకులు ఎప్పుడో కనిపెట్టారు. మనవాళ్లు నేర్చుకోవడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

కొల్లేరు లంకల్లో దాడులకు వెళ్లిన రోజుల్లో గొట్టం పడవలో పెట్టుకుపోయేవాళ్లం. ఊగే పడవలో రీడింగు తీయడం కుదరదు. గట్టెక్కి, బెల్లపు ఊట కుండలు పగలగొట్టాక, దొరికిన నాటుసారాను సీసాల్లో పట్టి సీలు వేసి పంపడమే అసలు పని. అక్కడి కొలత మాకు అంచనాకు మాత్రమే. ఒకసారి ఒక లంకగ్రామంలో ముసలమ్మ ఒకావిడ మేము కొలవడం చూస్తూ నిలబడి అడిగింది: "ఏం బాబూ, ఆ గొట్టం ఎడితే తాగినోడు బతుకుతాడో సత్తాడో తెలుత్తాదా?" తెలియదమ్మా, ఘాటు ఎంతో తెలుస్తుంది అన్నాను. "మరెందుకండీ అది!" అనేసి వెళ్లిపోయింది.

ఆవిడ అడిగినది శాఖ ఎప్పుడో అడగవలసిన ప్రశ్న. తాగితే కళ్లు పోగొట్టి, ప్రాణం తీసే మిథైల్ ఆల్కహాలు సాంద్రత 0.791. మామూలు ఆల్కహాలు సాంద్రత 0.789. రెంటి మధ్యా తేడాను హైడ్రోమీటరు పట్టలేదు. నీళ్లు కలిపిన సారాలో మిథైల్ పోస్తే గొట్టం 'బలం సరిపోయింది' అంటుంది. అగ్గిపుల్లకూ అది మండుతుంది, పైగా పగటి వెలుగులో ఆ మంట సరిగా కనపడదు. సుంకం కాపాడడానికి పుట్టిన సాధనం సుంకాన్నే కాపాడింది. తాగేవాడి ప్రాణం దాని పట్టికలో లేదు. అయినా గొట్టం వేసి చూశారు కాబట్టి సరుకు మంచిదేనని నమ్మిన జనం ఉన్నారు. నమ్మించిన దుకాణదారులూ ఉన్నారు.

1980ల్లో వారుణి వాహిని పేరుతో ప్రభుత్వమే సారాను ప్యాకెట్లలో ఇచ్చింది. ప్యాకెట్టు సారాకు తాగేవాడి అగ్గిపుల్ల పరీక్ష కూడా పోయింది, రాసి ఉన్న అంకెను నమ్మాల్సిందే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం, 1997లో దాని సడలింపు, ఇవన్నీ మనం చూసినవే. సారా దుకాణాలు మాత్రం మళ్లీ రాలేదు. దూబగుంట ఆడవాళ్లు ఎన్ని డిగ్రీల ప్రూఫ్ అని అడగలేదన్నది గమనించాలి.

బ్రిటను 1980 జనవరి 1 నుంచి సైక్స్ పద్ధతి వదిలేసి, 20 సెంటీగ్రేడు దగ్గర నూటికి ఇన్ని వంతులు అనే అంతర్జాతీయ పద్ధతికి మారింది. మన సీసాల మీద శాతం వచ్చినా, ఎక్సైజు లెక్కల్లో ప్రూఫ్ లీటరు మాత్రం పోలేదు. కనిపెట్టినవాడు వదిలేసినా మనం వదలని వస్తువుల్లో ఇదొకటి. ఇప్పుడు ప్రయోగశాలల్లో సాంద్రతను ఎలక్ట్రానిక్ మీటరు క్షణంలో చెబుతుంది. మిథైల్ ఉందా లేదా అన్నది గ్యాస్ క్రొమటోగ్రాఫ్ చెబుతుంది. కాని ఆ యంత్రం జిల్లా ప్రయోగశాల దాకా వచ్చింది గాని లంకగ్రామం దాకా రాలేదు. 2024 జూన్‌లో తమిళనాడు కళ్లకురిచ్చిలో మిథైల్ కలిసిన సారా తాగి 60 మందికి పైగా చనిపోయారు. ఆ సరుకులో మన గొట్టం వేసి ఉంటే, ఏదో ఒక గీత దగ్గర మామూలుగానే నిలిచి ఉండేది.